బోనెట్ తెరవండి: టర్బో కారు, ఆయిల్ క్యాచ్ క్యాన్ – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల టర్బో కార్లలో వేడిగాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ పైపుల్లో ఆయిల్ జిడ్డు ఎందుకు చేరుతుందో నాలుగు మాటలు రాసి, చివర్లో ఆ ఆయిల్‌ని దారిలోనే పట్టి ఆపే క్యాచ్ క్యాన్ అనే డబ్బా పేరెత్తాం. అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాని మీదే. ఆటోనగర్‌లో ఈ డబ్బాలు బాగానే బిగిస్తున్నారని ఆ ఉత్తరాలు చూస్తే అర్థమైంది. బిగించాక ఏం చేయాలో ఎవరూ చెప్పి పంపడం లేదని కూడా అర్థమైంది. కాబట్టి ఈ నెల పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: నాది 1.0 లీటర్ టర్బో పెట్రోల్ కారు. రోజూ విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి ఉద్యోగం చేసుకుని వస్తాను. క్యాచ్ క్యాన్ పెట్టించి మూడు నెలలైంది. దాన్ని ఎప్పుడు చూడాలి, ఎలా ఖాళీ చేయాలి? షాపులో అడిగితే "సర్వీసుకొచ్చినప్పుడు చూద్దాంలెండి" అన్నారు.
– పటమట నుంచి ఒక పాఠకుడు

జవాబు: సర్వీసు దాకా ఆగకండి, ఈ ఆదివారమే చూడండి. రోజుకి 70 కిలోమీటర్లు వేసుకున్నా ఈపాటికి నాలుగైదు వేలు తిరిగి ఉంటారు, చిన్న డబ్బా అయితే సగం దాటి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ముందు ఆ డబ్బా ఏం పని చేస్తోందో తెలిస్తే ఎప్పుడు తీయాలో మీకే తెలుస్తుంది. సిలిండర్లో పెట్రోలు మండినప్పుడు ఆ ఒత్తిడికి కొంత గ్యాస్ పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, అంటే ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. ఎంత కొత్త ఇంజిన్ అయినా ఇది తప్పదు. దీన్నే బ్లో-బై అంటారు. కింద గిరగిరా తిరిగే ఆయిల్ తుంపర, మండగా వచ్చిన నీటి ఆవిరి, మండని పెట్రోలు కొంచెం, అన్నీ ఆ గ్యాస్‌లో కలుస్తాయి. దాన్ని లోపలే ఉంచితే ఒత్తిడి పెరిగి సీళ్లు లీకవుతాయి, బయటికి వదిలితే కాలుష్యం. అందుకే కంపెనీ దాన్ని పైపుల ద్వారా మళ్లీ ఇంజిన్ పీల్చే గాలిలోకే కలిపి మండిస్తుంది. ఆ దారి మధ్యలో మీ డబ్బా కూర్చుంది. గ్యాస్ లోపలికొచ్చి, అడ్డంగా ఉన్న రేకులకూ జాలీకీ తగిలి, ఆయిల్ తుంపర చుక్కలుగా కింద పడి, గ్యాస్ ఒక్కటే బయటికి పోవాలి. అంతే దాని పని. పికప్ పెంచే పని కాదు.

టర్బో కారులో తిరకాసు ఏమిటంటే దారులు రెండు. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉంటుంది, గ్యాస్ పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసు గ్యాస్‌ని ఇన్‌టేక్‌లోకి వదిలే వాల్వు) గుండా అటు లాగబడుతుంది. అదే వారధి దాటి, మంగళగిరి దాటి, కాజా టోల్‌గేటు నుంచి బయటపడి కాలు గట్టిగా నొక్కారనుకోండి, టర్బో గాలి నెట్టడం మొదలుపెడుతుంది, మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పోయి ఒత్తిడి వస్తుంది, పీసీవీ దారి మూసుకుపోతుంది. అప్పుడు గ్యాస్ రెండో పైపు గుండా టర్బో ముందున్న గాలి పైపులోకి పోతుంది. ఆయిల్ ఎక్కువగా కొట్టుకొచ్చేది ఈ రెండో దారిలోనే, ఎందుకంటే బూస్ట్ మీద, అంటే టర్బో గాలి నెడుతున్నప్పుడే సిలిండర్లో ఒత్తిడి ఎక్కువ, బ్లో-బై ఎక్కువ. చాలా షాపుల్లో సులువుగా చెయ్యి అందుతుందని పీసీవీ వైపు ఒక్కదానికే డబ్బా పెట్టి పంపిస్తున్నారు. మీది ఏ పైపు మీద ఉందో చూసుకోండి. పీసీవీ వైపే ఉండి, డబ్బా ఎప్పుడు చూసినా ఖాళీగా, ఇంటర్‌కూలర్ పైపు మాత్రం తడిగా ఉంటే అసలు ఆయిల్ అటు వెళ్తోందని అర్థం. రెండు దారులకూ పనికొచ్చే, లోపల వన్-వే వాల్వులున్న డబ్బాలు దొరుకుతాయి.

ఇక చూసే లెక్క. పెట్టిన కొత్తలో 500 కిలోమీటర్లకు ఒకసారి తీసి చూడండి. తర్వాత 1000కి. రెండు మూడు సార్లు చూశాక మీ కారు మీ నడకకు ఎంత వదులుతుందో తెలిసిపోతుంది, అప్పుడు మీ గడువు మీరే పెట్టుకోవచ్చు. డబ్బా సగం నిండకముందే తీసేయాలి, ఈ ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి. సగం దాటాక మలుపుల్లో, బ్రేకుల్లో లోపలి ద్రవం ఎగిరి జాలీని తడిపేస్తుంది. తడిసిన జాలీ ఇక ఏమీ పట్టదు. పూర్తిగా నిండిందంటే అప్పటిదాకా ఆపినదంతా ఒక్కసారిగా ఇన్‌టేక్‌లోకి పోతుంది, వెనక నీలం పొగ లేస్తుంది. అసలు డబ్బా లేకపోయినా అంత నష్టం ఉండదు.

ఖాళీ చేసేటప్పుడు ఇంజిన్ ఆపి కనీసం అరగంట ఆగండి. టర్బో, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పక్కనే ఉంటాయి, మన మే నెల ఎండలో అవి చల్లారడానికి ఇంకా ఎక్కువే పడుతుంది. అలాగని పూర్తిగా చల్లబడ్డాక కూడా వద్దు, గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ పల్చగా జారుతుంది. కింద డ్రెయిన్ కుళాయి ఉంటే దానికి చిన్న ట్యూబు తొడిగి సీసాలోకి వదలండి. మర తిప్పి ఊడదీసే రకమైతే కింద పాతగుడ్డ పరిచి, డబ్బాని నిటారుగా పట్టుకుని తీయండి, ఒంపితే ఎగ్జాస్ట్ మీద పడుతుంది. తర్వాత బండి స్టార్ట్ చేయగానే ఆ వాసన ఏసీలోంచి లోపలికొస్తుంది, ఇంట్లోవాళ్ల చేత మాటలు పడాలి. తిరిగి బిగించేటప్పుడు మూత దగ్గరున్న రబ్బరు రింగు మెలి తిరక్కుండా కూర్చుందో లేదో వేలితో ఒకసారి తడిమి చూడండి. చాలా లీకులు అక్కడే. దానికి ఒక చుక్క ఆయిల్ రాస్తే చక్కగా సర్దుకుంటుంది.

పాత సీసా ఒకటి ఇందుకే పెట్టుకోండి. దాని మీద తేదీ, ఓడోమీటర్ రీడింగ్, ఎంత పడింది రాసుకోండి. చాదస్తంలా అనిపిస్తుంది కానీ రేపు ఇంజిన్‌కి ఏదైనా వస్తే మెకానిక్‌కి మీరు చెప్పే పది మాటల కన్నా ఆ సీసా మీద రాత ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: క్యాన్ తెరిస్తే లోపల తెల్లగా, మజ్జిగ మీద తేలిన వెన్నలా ఏదో పేరుకుని ఉంది. మా ఫ్రెండ్ చూసి హెడ్ గ్యాస్కెట్ పోయింది, యాభై వేలు రెడీ చేసుకో అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. బండి మాత్రం బాగానే నడుస్తోంది. ఎక్కువగా మా ఆవిడ పిల్లల్ని స్కూల్లో దింపడానికే వాడుతుంది.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: జవాబు మీ చివరి వాక్యంలోనే ఉంది. స్కూలుకు రెండు కిలోమీటర్లు, మళ్లీ ఇంటికి రెండు. ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కేలోపే బండి ఆపేస్తున్నారు. మండినప్పుడు పుట్టిన నీటి ఆవిరి బయటికి పోయేంత వేడి లేక, చల్లగా ఉన్న డబ్బా గోడలకు తగిలి నీరుగా మారి, ఆయిల్‌తో కలిసి ఆ తెల్ల ముద్ద తయారవుతుంది. వానాకాలంలో, డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో ఇది ఇంకా ఎక్కువ. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఈ20 పెట్రోలులో ఉన్న ఇథనాల్ మండితే నీటి ఆవిరి మామూలు పెట్రోలు కన్నా కొంచెం ఎక్కువే పుడుతుంది, అదీ తోడవుతుంది. ఒక రకంగా మీ క్యాన్ పనిచేస్తోంది అనడానికి ఇదే రుజువు, లేకపోతే అదంతా ఇన్‌టేక్‌లోకి పోయేది.

కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే ఆ గ్యాస్కెట్ సంగతి తేల్చుకోవడానికి యాభై వేలు అక్కర్లేదు. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బాలో మట్టం చూసి పెన్నుతో గీత పెట్టండి. వారం తర్వాత మళ్లీ పొద్దున్నే చూడండి. గీత దగ్గరే ఉందా? మంచిది. ఆయిల్ గేజి తీసి చూడండి, దాని మీద ఆయిల్ తేనె రంగులోనో నల్లగానో ఉండాలి, కాఫీ రంగులోకి మారకూడదు. కూలెంట్ తగ్గుతోంది, గేజి మీద కూడా తెల్లబారింది, వేడెక్కాక కూడా వెనక తెల్లపొగ ఆగడం లేదు అంటే అప్పుడు గ్యాస్కెట్‌ని అనుమానించాలి. క్యాన్ ఒక్కదాన్లో తెల్లగా ఉంటే కాదు.

చేయాల్సిందల్లా వారానికి ఒకసారి బండిని హైవే ఎక్కించి ఓ అరగంట, ముప్పావుగంట ఆగకుండా నడపడం. చిలకలూరిపేట వైపు వెళ్లి రండి, సరిపోతుంది. క్యాన్‌ని మాత్రం కిలోమీటర్లు చూడకుండా నెలకోసారి ఖాళీ చేయండి, ఎందుకంటే మీ బండికి కిలోమీటర్లు తక్కువ, నీళ్లు ఎక్కువ. ఆ తెల్ల ముద్ద గట్టిపడితే పైపు మూతికి అడ్డం పడుతుంది.

ప్రశ్న: క్యాన్‌లో పడిన ఆయిల్ చూడ్డానికి బాగానే ఉంది. మళ్లీ ఇంజిన్‌లో పోసేయొచ్చా? ఇప్పుడు సింథటిక్ ఆయిల్ లీటరు ఎంత ఉందో మీకు తెలియంది కాదు.
– తాడేపల్లి

జవాబు: వద్దండీ. అందులో నీళ్లు, పెట్రోలు, ఆమ్లాలు ఉన్నాయి. వాటిని ఇంజిన్‌లోంచి బయటికి లాగడానికే కదా డబ్బులు పోసి ఆ డబ్బా పెట్టింది. బందరు కాలువలోనో ఇంటి ముందు సైడు కాలువలోనో కూడా పోయకండి, వాడిన ఆయిల్ చట్టప్రకారం ప్రమాదకర వ్యర్థం. సీసాలో దాచి, ఆయిల్ మార్చే రోజున సర్వీస్ సెంటర్‌లో వాళ్ల వేస్ట్ ఆయిల్ డ్రమ్ములో పోయించండి.

ప్రశ్న: డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది. క్యాచ్ క్యాన్ పెట్టించాక 1000 కిలోమీటర్లకే ఇంచుమించు గ్లాసు నిండుతోంది. ఇంకా పెద్ద క్యాన్ వేయించమంటారా? మెకానిక్ మాత్రం ఇంజిన్ బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగాయి), విప్పాలి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– తెనాలి

జవాబు: ప్రస్తుతానికి ఇద్దరి మాటా వద్దు. పెద్ద క్యాన్ వేస్తే ఖాళీ చేసే పని తగ్గుతుందేమో గానీ వచ్చే ఆయిల్ తగ్గదు. అలాగని ఇప్పుడే ఇంజిన్ విప్పాల్సిన పనీ లేదు.

బాగున్న ఇంజిన్‌లో 1000 కిలోమీటర్లకు రెండు మూడు చెంచాలు పడటం మామూలు. గ్లాసు అంటే చాలా ఎక్కువ, ఒప్పుకుంటాను. అయితే ఇంజిన్ని అనేముందు ఆయిల్ గేజి తీయండి. బండి చదునైన చోట ఆపి, ఐదు పది నిమిషాలాగి, గేజి తుడిచి మళ్లీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉందా? మన దగ్గర ఇది మహా మామూలు. డబ్బాలో మిగిలిన అర లీటరు ఏం చేసుకుంటారులే అని అది కూడా పోసేస్తారు, కస్టమరు కూడా ఎక్కువ పోశారని సంతోషిస్తాడు. మట్టం పెరిగితే తిరిగే క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ నురగ క్రాంక్‌కేసు గ్యాస్ బయటికొచ్చే బ్రీదర్ పైపు పట్టుకుని నేరుగా క్యాన్‌లోకొస్తుంది. ఎక్కువైనది తీయించేసి, పై గీతకు కాస్త కిందే ఉంచి, మరో 1000 నడిపి చూడండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

మట్టం సరిగ్గానే ఉండి కూడా అంతే పడుతుంటే కంప్రెషన్ టెస్టు, కుదిరితే లీక్-డౌన్ టెస్టు చేయించండి. రెండో దాంట్లో సిలిండర్లోకి గాలి ఎక్కించి అది ఎక్కడి నుంచి కారిపోతోందో వింటారు. ఆయిల్ పోసే మూత తీసిన చోట బుస్సుమంటే రింగులు, సైలెన్సర్లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి ఫిల్టర్ వైపు నుంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు. ఇది చేయకుండా బోరు పని అని ఎవరన్నా సరే, మొహమాటం లేకుండా నమస్కారం పెట్టి వచ్చేయండి. టర్బో సీలు అరిగినా క్రాంక్‌కేసులోకి అదనపు గాలి చేరి క్యాన్ ఇలాగే తొందరగా నిండుతుంది, టర్బో షాఫ్టు ఆడుతోందేమో చూడకుండా ఇంజిన్ దించకూడదు.

డీజిల్ కాబట్టి ఇంకో హెచ్చరిక. డీజిల్ ఇంజిన్‌కి ఇన్‌టేక్‌లోంచి వచ్చే ఆయిల్ కూడా ఇంధనమే. క్యాన్ పూర్తిగా నిండి ఆయిల్ ధారగా లోపలికి పోతే, తాళం తీసినా ఇంజిన్ ఆగకుండా దానంతటదే రేగిపోయే ప్రమాదం ఉంది. అరుదు, కానీ జరిగితే ఇంజిన్ మిగలదు. ఈ సంగతి తేలేదాకా 500కి ఒకసారి ఖాళీ చేయండి.

ప్రశ్న: అన్నా, మా కాలేజీలో ఒకడు క్యాచ్ క్యాన్ మీద చిన్న ఫిల్టర్ పెట్టి పైపు ఇన్‌టేక్‌కి కలపకుండా వదిలేశాడు. పికప్ అదిరిపోతోంది అంటున్నాడు. నేనూ అలా చేయించుకుందామనుకుంటున్నా. చూడ్డానికి కూడా బాగుంది.
– మంగళగిరి

జవాబు: చూడ్డానికి బాగుంటుంది తమ్ముడూ, కాదనను. పికప్ సంగతి వాడి చెవులకే తెలియాలి.

క్రాంక్‌కేస్ గ్యాస్‌ని గాలిలోకి వదిలేయడం కొత్త ఐడియా ఏం కాదు. పూర్వం కార్లన్నీ అలాగే ఉండేవి, ఒక గొట్టం కిందికి వేలాడదీసి రోడ్డు మీదకి వదిలేవారు. మన పాత లారీల కింద కూడా ఆయిల్ కారే బ్రీదర్ గొట్టం ఉండేది. నగరాల మీద కమ్మే పొగమంచుకు ఇది కూడా కారణమని తెలిశాక 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో దాన్ని మళ్లీ ఇంజిన్‌లోకే పంపాలని పట్టుబట్టారు, అక్కడి నుంచి పీసీవీ వాల్వు ప్రపంచమంతా వచ్చింది. మన దగ్గర కూడా పెట్రోల్ కారు క్రాంక్‌కేస్ నుంచి గాలిలోకి ఏమీ వదలకూడదన్నదే నిబంధన. దానికి తోడు బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడం మీద 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉండనే ఉంది.

చట్టం పక్కన పెట్టినా నష్టం నీకే. ఏర్ ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో సెన్సర్ దాటాక వేరే దారిలో గాలి దూరితే ఈసీయూ, అంటే ఇంజిన్ని నడిపే కంప్యూటర్, లెక్క తప్పుతుంది. పీసీవీ వైపు అలా ఫిల్టర్ పెట్టావా, మ్యానిఫోల్డ్ వ్యాక్యూమ్ ఆ ఫిల్టర్ గుండా దుమ్ము గాలిని లాగుతుంది, ఐడిలింగ్‌లో బండి ఊగుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పైగా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా ఆ పొగ వాసన క్యాబిన్‌లోకి. మీవాడు ఇంకా చెప్పలేదంటే కిటికీలు దించుకుని తిరుగుతున్నాడన్నమాట. పెట్టించుకుంటే రెండు పైపులూ తిరిగి కలిపే రకమే పెట్టించుకో, లేదంటే ఆ డబ్బులతో మంచి టైర్లు వేయించు.

ప్రశ్న: క్యాచ్ క్యాన్ పెట్టించిన నెలకే ఇంజిన్ ముందు భాగంలో ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది. ఆయిల్ గేజి కూడా దానంతటదే కొంచెం పైకి లేచి ఉంటోంది. ఐడిలింగ్‌లో సన్నగా ఈల లాంటి శబ్దం. అంతకుముందు ఇవేవీ లేవు.
– గొల్లపూడి

జవాబు: అంతకుముందు లేవన్నారు చూడండి, అక్కడే పట్టుకోవాలి. క్రాంక్‌కేసులో ఒత్తిడి నిలిచిపోతోంది. గ్యాస్ పోయే దారి ఎక్కడో ఇరుకైంది లేదా మూసుకుపోయింది, అందుకే అది గేజిని తన్నుతోంది, సీలుని తన్నుతోంది. ఇలాగే నడిపితే క్రాంక్ ఆయిల్ సీలు పోతుంది, దానికి గేర్‌బాక్సు దించాల్సి వచ్చినా రావచ్చు. కాబట్టి ఆలస్యం చేయకండి.

మొదట పైపులు. కంపెనీ పైపు లోపలి వెడల్పు ఎంతో క్యాన్‌కి వేసిన పైపు, క్యాన్ మూతి దగ్గర నాజిల్ కూడా అంతే ఉండాలి, సన్నబడకూడదు. వంపు తిరిగిన చోట పైపు నొక్కుకుపోయిందేమో చేత్తో తడిమి చూడండి. చల్లగా ఉన్నప్పుడు గుండ్రంగా ఉండి, వేడెక్కాక మెత్తబడి అతుక్కుపోయే పైపులు ఉంటాయి. మన ఊళ్లో ఎండలకి బోనెట్ కింద పరిస్థితి మీకు తెలుసు. తోటకి నీళ్లు పెట్టే పారదర్శక పైపు వేసిన బండ్లు కూడా ఉన్నాయి, ఆయిల్ ఆవిరికి అవి కొన్నాళ్లకు పసుపు తిరిగి, గట్టిపడి, క్లిప్పు దగ్గర చీలిపోతాయి. ఆయిల్ తట్టుకునే నైట్రైల్ రబ్బరు పైపే వేయాలి, మీటరుకు కొంచెం ఎక్కువైనా సరే.

తర్వాత ఇన్, అవుట్ తారుమారు అయ్యాయేమో చూడండి. వన్-వే వాల్వు ఉన్న క్యాన్ తిప్పి బిగిస్తే దారి పూర్తిగా బంద్. ఆ ఈల శబ్దానికి మాత్రం ఎక్కడో గాలి లాగుతున్న సందు కారణం కావచ్చు, లేదా వాల్వ్ కవర్లో ఉండే పీసీవీ డయాఫ్రం చిరిగి ఉండొచ్చు. తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. క్యాన్ మొత్తం తీయించి, కంపెనీ పైపు యథాతథంగా పెట్టించి రెండు రోజులు నడపండి. గేజి లేవడం, ఈల రెండూ ఆగాయంటే తప్పు బిగింపుది. ఆగలేదంటే పీసీవీది. పాత పైపు అందుకే పారేయకూడదు, మీరు దాచారనే ఆశిస్తాను.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ కారు ఒకటి చూశాం. విజయవాడ రిజిస్ట్రేషన్, రేటు బాగా తక్కువ చెబుతున్నారు. క్యాచ్ క్యాన్ కూడా ఉంది. బుడమేరు వరదలో మునిగిన బండేమో అని మా బావ అనుమానం. క్యాన్‌ని బట్టి ఏమైనా చెప్పొచ్చా?
– నరసరావుపేట

జవాబు: మీ బావగారి అనుమానం సబబే. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్ల ముందు ఆగి ఉన్న కార్లు బోలెడు నీళ్లలో ఉన్నాయి. వాటిలో కొన్ని శుభ్రంగా కడిగి, సెంటు కొట్టి అమ్మకానికి రావడం సహజం.

క్యాన్ మంచి సాక్షి, ఎందుకంటే అమ్మేవాళ్లు సీట్లు, కార్పెట్లు కడుగుతారు గానీ దాన్ని విప్పరు. మూత విప్పి అడుగున వేలు పెట్టి చూడండి. నల్లగా, జిడ్డుగా ఉంటే మామూలు. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడే సన్నటి బురద తగిలిందంటే మాత్రం ఆ నీళ్లు ఇన్‌టేక్ దాకా వెళ్లాయని అర్థం, ఎందుకంటే మూసి ఉన్న ఆ డబ్బాలోకి బురద రావడానికి పైపుల దారి తప్ప వేరే దారి లేదు. అప్పుడు ఇంక బేరం ఆడకండి, లేచి వచ్చేయండి.

క్యాన్ కొత్తగా తళతళలాడుతూ, చుట్టూ ఉన్న బోల్టులు మాత్రం తుప్పు పట్టి ఉంటే అది కూడా అనుమానించాల్సిందే. గాలి ఫిల్టర్ డబ్బా అడుగు, బంపర్ వెనక కింద ఉండే ఇంటర్‌కూలర్ పైపు చూడండి, మట్టి చివరికి చేరేది అక్కడికే. సీటు బెల్టు ఆఖరి దాకా లాగితే కింది మూర మీద నీటి చార కనిపిస్తుంది. సర్వీసు రికార్డు, ఇన్సూరెన్స్ క్లెయిముల వివరాలు అడగండి. ఇవ్వడానికి నసుగుతుంటే సంగతి అర్థమైపోతుంది కదా.

ప్రశ్న: కొత్త టర్బో కారు తీసుకున్నాం, ఇంకా వారంటీలో ఉంది. క్యాచ్ క్యాన్ పెడితే వారంటీ పోతుందని షోరూమ్‌లో అంటున్నారు. పెట్టకపోతే వాల్వుల మీద కార్బన్ పేరుకుంటుందని ఇంకొకరు. ఏం చేయాలి?
– లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: వారంటీ అయ్యేదాకా పెట్టకండి. రేపు టర్బోకో సీలుకో ఏదైనా వస్తే వాళ్లు వేలు చూపించేది ఆ డబ్బానే, మీరు వాదించి గెలిచేలోపు కారు పాతబడిపోతుంది.

కార్బన్ మాటలో నిజం ఉంది. పెట్రోలు నేరుగా సిలిండర్లోకి కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లలో ఇన్‌టేక్ వాల్వుల వెనక భాగాన్ని పెట్రోలు కడిగే అవకాశం లేదు, ఆయిల్ ఆవిరి అక్కడ కాలి గట్టిగా పేరుకుంటుంది. పోర్ట్ ఇంజెక్షన్ టర్బోలు కూడా మన మార్కెట్లో ఉన్నాయి, వాటికి ఈ బాధ చాలా తక్కువ. మీది ఏదో బ్రోషర్‌లో చూస్తే తెలుస్తుంది. అయితే డైరెక్ట్ ఇంజెక్షన్ అయినా క్యాన్ పెడితే కార్బన్ అసలు రాదనుకోవద్దు, కొంత ఎగ్జాస్ట్ గ్యాస్ వెనక్కి రావడం వల్ల కూడా పేరుకుంటుంది. కంపెనీ కూడా ఇంజిన్ మీద ఏదో ఒక ఆయిల్ సెపరేటర్ ఇచ్చే పంపుతుంది. వారంటీ ఉన్నన్నాళ్లూ కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ వాడి, గడువు కన్నా కాస్త ముందే మార్పిస్తూ, అప్పుడప్పుడు హైవే మీద తిప్పండి, చాలు.

వారంటీ అయ్యాక పెట్టాలనుకుంటే ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి. నెలకోసారి బోనెట్ ఎత్తే అలవాటు ఉందా? వైపర్ నీళ్లు కూడా డ్రైవరో సర్వీస్ సెంటర్‌వాళ్లో పోస్తే తప్ప పోయని ఇంట్లో క్యాన్ పెట్టడం దండగ.

ప్రశ్న: చవకలో దొరికిన క్యాన్ కొన్నాను, లోపల విప్పి చూస్తే ఏమీ లేదు, ఖాళీ డబ్బా. అందులో గిన్నెలు తోమే స్టీలు పీచు పెట్టొచ్చా?
– విజయవాడ వన్ టౌన్

జవాబు: పెట్టొచ్చు, చాలామంది పెడుతున్నారు. ఖాళీ డబ్బా కన్నా నయమే, లోపల అడ్డం లేకపోతే ఆయిల్ తుంపర ఇటు వచ్చి అటు పోతుంది. కానీ ఏ పీచు అన్నది ముఖ్యం. రింగులు రింగులుగా మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు అయితే పర్వాలేదు, అయస్కాంతానికి గట్టిగా అతుక్కునే రకం తుప్పు పడుతుంది, వద్దు. జుట్టులా సన్నగా ఉండే స్టీలు ఊలు అసలే వద్దు, అది పొడి రాలుస్తుంది, ఆ పొడి టర్బో కంప్రెసర్ చక్రానికి తగులుతుంది, నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చక్రం అది. అవుట్‌లెట్ నాజిల్ లోపలి వైపు సన్నటి స్టీలు జాలీ ముక్క గట్టిగా బిగించి, ఆ తర్వాతే పీచు పెట్టండి. మరీ కూరకండి, ఇన్‌లెట్ పైపులో నోటితో ఊదితే గాలి అడ్డం లేకుండా అటు రావాలి. ప్రతి ఆయిల్ మార్పుకీ పీచు బయటికి తీసి కిరోసిన్‌లో జాడించి, పూర్తిగా ఆరాక పెట్టండి. నలిగి తునకలు రాలుతుంటే కడగడం మానేసి కొత్తది వేయండి, పది ఇరవై రూపాయల వస్తువే.